ఎడమ అంచు పైకి

కిమోనో అంచుల వెంట తెల్లదారపు కచ్చాకుట్లు ఇంకా అలాగే ఉన్నాయి. కుట్టించిన రోజున దర్జీ వేసినవి. మొదటిసారి కట్టుకునే ముందు విప్పాలి. చిహారు బస గదిలో గడ్డిచాప మీద మోకాళ్ళపై కూర్చుని, చేతి అంచున ముడి ఎక్కడుందో వెతికి, గోటితో పైకి లేపి మెల్లగా లాగింది. మధ్యలో ఎక్కడా తెగకుండా దారం మొత్తం వచ్చేసింది. అంత చిన్న సంగతికే ఆమెకు నవ్వొచ్చింది. వేరుశనక్కాయ ఒలిస్తే రెండు గింజలూ చెక్కుచెదరకుండా బయటపడ్డట్టు అనిపించింది.

"చూడు, ఒక్క లాగుకే వచ్చింది," అంది.

సోయిచి కిటికీ పక్కన కూర్చుని ఆమె చేతులనే చూస్తున్నాడు. ఆ దారం తీసుకుని చూపుడువేలికి చుట్టుకున్నాడు. ఆమె లాగిన ప్రతి దారాన్నీ అలాగే అందుకుని చుట్టుకుంటూ పోయాడు. చివరికి వేలి మీద తెల్లటి ఉంగరంలాంటిది తయారైంది. దాన్ని జాగ్రత్తగా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

బట్ట రంగు, మంచు పడబోయే రోజున ఆకాశానికి ఉండే బూడిదరంగు. దిగువన ఎర్రగా, పసుపుగా ఆకులు. ప్రతి ఆకుకీ ఏదో ఒక మూల పురుగు తిన్న చిల్లు, అద్దకంవాడు కావాలని వేసింది. కనజావా అద్దకానికి అదే గుర్తు. మచ్చలేని ఆకు ఇక్కడ ఎవరికీ నచ్చదు. ఈ కిమోనో ఈ కనజావాలోనే అద్దించి, నగోయాలో కుట్టించి, ఏళ్ళ తరబడి కాగితంలో చుట్టి సొరుగులో పెట్టింది సోయిచి తల్లి ఫుమియె. ఆవిడ పోయి ఏడాది దాటింది. మూడు వారాల కింద వార్డు ఆఫీసులో పెళ్ళి నమోదు చేయించుకుని బయటికొస్తుంటే, ఫుమియె చెల్లెలు తోకి పిన్ని గుమ్మం దగ్గరే ఈ మూటని చిహారు చేతుల్లో పెట్టింది. ఊళ్ళో ఆడపిల్లలందరికీ మా అక్కే కట్టేది, తను కట్టుకోవడానికి మాత్రం ఒక్క రోజు దొరకలేదు, నువ్వన్నా అద్దించిన ఊరికే తీసుకెళ్ళి కట్టుకో అంది. ఫుమియె వృత్తే అది, కిమోనోలు కట్టడం. జనవరిలో ఇరవయ్యో ఏడు వచ్చిన ఆడపిల్లల పండగ రోజున ఆవిడ ఇంటి ముందు చీకట్లోనే వరస కట్టేవాళ్ళట. కాలేజీలో చదివే సోయిచి తాళ్ళు అందించేవాడు, మెడ దగ్గర పట్టుకునేవాడు, నడుముకి చుట్టే ఓబీ పట్టీ బిగించేవాడు. మంత్రసాని దగ్గర మగ సహాయకుడిలా ఉండేవాడన్నమాట అని చిహారు ఏడిపించేది.

పెళ్ళికి వేడుకేమీ చెయ్యలేదు. మైల ఏడాది అప్పుడే ముగిసింది, ఇంకా మనసు రావడం లేదన్నాడు సోయిచి. చిహారు సరే అంది. ఆమెకు కావలసింది ఒక్కటే: ఇద్దరూ కలిసున్న ఫోటో. దాన్ని కొత్త సంవత్సరపు కార్డు మీద అచ్చు వేయించాలి. మైల వల్ల పోయిన ఏడు ఈ ఇంటినుంచి ఎవరికీ కార్డు వెళ్ళలేదు. ఈసారి వెళ్ళే కార్డులోనే అందరూ మొదటిసారి ఆమెను చూస్తారు. చిహారు వాళ్ళమ్మ అప్పుడే ఫోన్ చేసి, అల్లుడి ముఖం మా వీధిలో ఎవరికీ తెలీదు, ఊహాగానాలు చేస్తున్నారు, ఒకావిడైతే బట్టతలే అయ్యుంటుంది అని తేల్చేసింది అని చెప్పింది.

"రేపు తీసేసుకుందాం," అంది చిహారు, కిమోనోని కొయ్య దండెం మీద ఆరేస్తూ. "తోటలో ఒకటి, నది దగ్గర ఒకటి. నీ తలమీద జుట్టు బాగా కనపడేలా."

సోయిచి నవ్వాడు. తర్వాత ఆమె ఏదో గుర్తొచ్చినట్టు, ఇంట్లో గుమ్మం దగ్గర దీపం తను ఆర్పేసే వచ్చానని చెప్పింది. పెళ్ళైన రోజునుంచీ అదో సరదా గొడవ వాళ్ళకి. ఆమె ఆర్పుతుంది, అతను వేస్తాడు. పొద్దున లేచి చూస్తే మళ్ళీ వెలుగుతూ ఉంటుంది.

"ఆర్పావా?" అన్నాడు సోయిచి.

"మనం లేనప్పుడు ఎవరికోసం వెలగాలి? కరెంటు దండగ. దొంగకి మెట్లు కనపడాలనా?"

అతను చల్లగాలికి అలా వెళ్ళొస్తానని లేచి, ఆమె కోటు వేసుకునేలోపే వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం చిహారు అద్దం ముందు నిలబడి తనే కట్టుకుంది. దీనికోసం నెల రోజులు ఫోన్‌లో పాఠాలు చూస్తూ తువ్వాళ్ళతో సాధన చేసింది. కుడివైపు అంచు ముందు ఒంటికి ఆనించి, దాని మీదికి ఎడమవైపు అంచు తెచ్చి, నడుము దగ్గర తాడు బిగించింది. మెడ దగ్గర మాత్రం ఎంత సర్దినా ముడత పోవడం లేదు. సోయిచిని సాయం పట్టమంది.

అతను ఓబీ కట్టాడు. చూడాల్సిన దృశ్యం అది. వెడల్పాటి పట్టుపట్టీని భుజాన వేసి, రెండు చుట్లు తిప్పి, మోకాలు ఆమె వీపుకి తగలకుండా గాలిలోనే ఆనించినట్టు పెట్టి బిగించి, వెనక చతురస్రంగా మడత నిలబెట్టాడు. ఆమెకి ఊపిరి ఆడుతోంది, కానీ ఒక వేలు కూడా లోపలికి దూరదు. మెడ సంగతి ఎత్తేసరికి మాత్రం వెనక్కి జరిగాడు.

"అది నువ్వే వేసుకో," అన్నాడు. "బాగానే ఉంది."

బాగా లేదని ఇద్దరికీ తెలుసు.

బస గుమ్మం దగ్గర చిహారు అతని భుజానికి తల ఆనించి ఫోన్ పైకెత్తింది. తెర మీద ఇద్దరి ముఖాలు, వెనక మేపుల్ కొమ్మ, కింద ఆకుల అంచు. నొక్కింది. అతనికి చూపించింది. సోయిచి చూశాడు. అతని పెదవుల చుట్టూ రంగు మారడం ఆమెకు కనిపించింది.

"తుడిచెయ్."

"బాగుంది కదా. నీ జుట్టు కూడా కనపడుతోంది."

"తుడిచెయ్ చిహారూ. వేరేవాళ్ళ చేత తీయిద్దాం."

నిద్రముఖం అనుకున్నాడేమో అని తుడిచేసింది. రోజంతా ముందుంది. మేఘాలు తక్కువగా ఉన్నాయి. గడ్డిచెప్పుల కింద రాళ్ళు చప్పుడు చేస్తుంటే, అడుగు చిన్నగా వేయాల్సి రావడం కూడా ఆమెకు ముచ్చటగానే ఉంది.

కెన్‌రోకు తోటలో మాలీలు చెట్లకి మంచు తాళ్ళు కడుతున్నారు. మంచు బరువుకి కొమ్మలు విరగకుండా ఏటా ఈ రోజుల్లో చేసే పని. పాత దేవదారు పక్కన, దానికంటే పొడుగ్గా గుంజ నిలబెట్టారు. చిటారున ఒక మనిషి కూర్చుని గడ్డితాళ్ళ చుట్టని ఒక్కొక్కటే విప్పి కిందికి విసురుతున్నాడు. విసిరే ముందు ఎవరి పేరో పిలుస్తాడు. కింద ఆ పేరు గలవాడు తాడు గాలిలోనే అందుకుని, కొమ్మ చివరికి తీసుకెళ్ళి, లాగి చూసి, ముడి వేస్తాడు. ఎక్కువ లాగితే పైన ఉన్నవాడు తిడతాడు. కొమ్మని పైకి లేపకు, అది నిద్రపోతోంది, దుప్పటి కప్పినట్టు పట్టుకో అంటున్నాడు. తాళ్ళన్నీ దిగేసరికి చెట్టు మీద పెద్ద గొడుగు ఊచలు విప్పినట్టయింది. చిహారు చప్పట్లు కొట్టింది. పైనున్న మనిషి టోపీ తీసి వంగాడు.

ఆ చెట్టు ముందే, నీగాతా నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు వాళ్ళ ఫోటో తీశారు. కొత్త దంపతులా, ఇంకా దగ్గరికి జరగండి, దగ్గరికి అన్నారు. చిహారు ధన్యవాదాలు చెప్పి ఫోన్ చూసి పకపకా నవ్వేసింది. ఫోటోలో తను కెమెరా వైపు చూస్తోంది. సోయిచి తల వంచి, ఆమె ఎదురొమ్ము మీద, అంచులు కలిసే చోటే చూస్తున్నాడు.

"ఇది కార్డు మీద వేస్తే మా వీధి వాళ్ళు బట్టతల మాట మర్చిపోయి ఇంకో మాట అనుకుంటారు," అంది.

అతనూ నవ్వబోయాడు. మళ్ళీ తీయించారు, చెరువు గట్టున, రాతిదీపం పక్కన. అందులోనూ అంతే. ఓమిచో సంతలో మధ్యాహ్నం చిన్న ఆడపీతలు తిన్నారు. ఈ నెలలోనే వస్తాయి ఇవి. గుల్ల తెరిస్తే నారింజరంగు గుడ్లు. చిహారు ఒక్కో కాలూ విరిచి, పుల్లతో కండ పొడిచి తీసి, నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. పీతలమ్మే ముసలాయన తనే ముందుకొచ్చి ఫోన్ అడిగి తీసుకున్నాడు. మూడు తీశాడు. మూడింటిలోనూ సోయిచి చూపు ఆమె మెడ కిందే. ఒకదాంట్లో అతని చెయ్యి ఆమె అంచు దగ్గరికి వెళ్ళి, తాకకుండా ఆగిపోయి ఉంది.

"ఏమయ్యా పెళ్ళికొడుకా," అన్నాడు ముసలాయన, "ఆవిడ ఎక్కడికీ పారిపోదు. ఒక్కసారి ఇటు చూడు."

చిహారు ఈసారి నవ్వలేదు. పొద్దుటినుంచీ తను ఎక్కడ నిలబడినా అతని కళ్ళు తన ముఖం దాకా రాలేదని అప్పుడు గమనించింది. మెట్లు దిగుతుంటే, చెట్టు కింద దాటుతుంటే, ఎక్కడైనా సరే ముందు మెడ దగ్గర చూసి, సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే ఊపిరి వదులుతున్నాడు. వాళ్ళమ్మ బట్ట. వాళ్ళమ్మ కోసం అద్దిన ఆకులు. తను ఆవిడ బట్టని మోసుకు తిరిగే కొయ్య దండెం అయిపోయిందా అనిపించింది.

నది అవతల హిగాషి వీధిలో, పాత తేనీటి ఇళ్ళ చెక్క తడికెల మధ్య బంగారు రేకు అంటించిన ఐస్‌క్రీమ్ కొనుక్కుంది. రేకు ముక్కు కొసకి అంటుకుంది. అద్దం కోసం ఫోన్ తీసి, తన ముఖం చూసుకుని తనకే సంతోషం వేసింది. పక్కకి జరిగి సోయిచి భుజం కూడా తెరలోకి వచ్చేలా పట్టుకుంది. అతను చెయ్యి చాచి కెమెరా మీద అరచెయ్యి మూసేశాడు. ఫోన్ జారి రాళ్ళ మీద పడింది. పగల్లేదు. కానీ వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పట్టు తడవకూడదు. ఇద్దరూ ఒక మూసిన దుకాణం చూరు కిందికి పరిగెత్తారు. చిహారు చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి మణికట్టు మీదికి కారుతోంది. సోయిచి రుమాలు తీసి ముందు కిమోనో చేతి అంచుని పక్కకి ఎత్తి పట్టుకున్నాడు, తర్వాత ఆమె మణికట్టు తుడిచాడు. ఆ వరస చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

"నేను వేరే బట్ట కట్టుకోవాల్సింది," అంది. "ఈ రోజు అత్తయ్యదా, నాదా?"

సోయిచి రుమాలు ఆమె చేతిలో పెట్టాడు. ఎదురింటి చూరు మీదినుంచి నీళ్ళు గొలుసులా దిగుతున్నాయి.

"అమ్మకి నేను తప్పు కట్టాను," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"ఆఖరి రోజు. అంత్యక్రియలు చేయించే ఆవిడ తెల్లబట్ట వేసింది, కాళ్ళకీ చేతులకీ అన్నీ కట్టింది. పెట్టె తెప్పించడానికి బయటికి వెళ్ళింది. మెడ దగ్గర నేను సర్దుతానన్నాను. గర్వం, ఇంకేముంది. అమ్మ నేర్పిన పని కదా. పోయినవాళ్ళకి కుడి అంచు పైకి రావాలి. అది తెలీనివాడెవడు? నా చేతులు వాటంతటవే ఎడమది పైకి వేసేశాయి. నీకిప్పుడు ఉన్నట్టు. బతికున్నవాళ్ళకి వేసినట్టు. దుప్పటి కప్పారు, పూలు పెట్టారు, మూత వేశారు."

"ఎవరూ చూడలేదా?"

"ఎవరూ ఏమీ అనలేదు. నాకు మటుకు దహనం అయ్యాక తిరిగొచ్చే బస్సులో తెలిసింది. చలేస్తోందని కోటు గుండీలు పెట్టుకుంటున్నాను. ఎడమది కుడిదాని మీదికి వచ్చింది. అలాగే ఆగిపోయాను."

చిహారు రుమాలుని మడత మీద మడత పెట్టింది.

"అయితే ఏమవుతుంది?"

"ఏమవుతుందో నాకేం తెలుసు. ఆవిడకి తెలీదు కదా మరి."

"ఏం తెలీదు?"

"పోయినట్టు."

వాన కొంచెం పెద్దదైంది. సోయిచి గొంతు తగ్గించి, ఇంజనీరింగ్ చదువుకున్నవాణ్ణి, ఇదంతా నేను నమ్ముతానా అంటే నమ్మనని చెప్పాడు. కానీ చీకటి పడేసరికి, ఆవిడ ఎవరో అమ్మాయికి ఓబీ కట్టి ఎక్కడినుంచో ఇంటికి నడిచొస్తున్నట్టే ఉంటుందట. గుమ్మం దగ్గర దీపం అందుకే. ఇక పొద్దున బస ముందు ఆ ఫోన్ తెర చూసేసరికి దాన్ని తుడిపించెయ్యాలనే తోచిందట. ముందువైపు కెమెరా అద్దంలాగా కుడిఎడమలు తిప్పి చూపిస్తుంది. తెరలో చిహారు నవ్వుతోంది, కుడి అంచు పైకి ఉంది.

"ఆవిడకి వేయాల్సింది నీకు వేసినట్టు," అన్నాడు. "అప్పటినుంచీ నిన్ను చూస్తే ముందు అదే చూడాల్సొస్తోంది. సరిగ్గా ఉందా లేదా అని. నీ ముఖం చూడ్డానికి ధైర్యం చాలట్లేదు."

చిహారు అతని చల్లబడ్డ వేళ్ళని కిమోనో వెడల్పాటి చేతుల లోపలికి లాక్కుని కప్పింది.

వాన వెలిశాక వెనక్కి నడుస్తుంటే, ఆమె దుకాణాల అద్దాల వైపు చూడకూడదనుకుంది. చూసింది. మిఠాయి కొట్టు గాజులో, బస్సు తలుపులో, నీళ్ళు నిలిచిన రాతి తొట్టిలో బూడిదరంగు బట్టలో ఒకామె నడుస్తోంది. ప్రతిచోటా కుడి అంచే పైకి ఉంది. పొద్దున అద్దం ముందు నిలబడ్డప్పుడు కూడా అలాగే ఉండి ఉండాలి. అప్పుడు తను అది చూడనే లేదు. ఇప్పుడు ఇంకేమీ కనపడటం లేదు.

బసలో బట్ట విప్పి దండెం మీద ఆరేశారు. తేమ పోవాలి. రెండు చేతులూ బార్లా చాపి, తల లేకుండా అది గది మూల నిలబడింది. సాయంత్రపు వెలుగులో పురుగు తిన్న ఆకులు నల్లబడ్డాయి. భోజనం తెచ్చిన యజమానురాలు ఎంత అందమైన బట్ట అని మెచ్చుకుని, అమ్మగారిదా అని అడిగింది. చిహారు అవునంది. తింటున్నంతసేపూ ఇద్దరూ దానికి వీపు తిప్పి కూర్చోకుండా జాగ్రత్తపడ్డారు. ఎందుకో ఇద్దరికీ అది మర్యాద కాదనిపించింది.

తెల్లవారి సోయిచి కిందికి స్నానానికి వెళ్ళాడు. చిహారు తోకి పిన్నికి ఫోన్ చేసింది. చేతి దగ్గర వాన మరకలు పడ్డాయి, ఏం చెయ్యమంటారు అని మొదలుపెట్టింది.

"ఇస్త్రీ పెట్టావంటే రైలెక్కి వచ్చి మరీ తిడతాను," అంది పిన్ని. "ముట్టుకోకు. ఆరనీ. ఇంటికొచ్చాక నేను చూస్తాను. ఎలా ఉంది మరి? నలుగురూ తిరిగి చూశారా?"

చూశారని చెప్పింది. పీతలు తిన్నామని, మాలీలు తాళ్ళు కట్టడం చూశామని చెప్పింది. ఇక చెప్పడానికేమీ మిగలక, నిన్న చూరు కింద సోయిచి అన్నదంతా చెప్పేసింది. అవతల రేడియో ఏదో మోగుతోంది. దాన్ని ఎవరో తగ్గించిన చప్పుడైంది.

"వాడు అది ఇంకా మోస్తున్నాడా?" అంది తోకి పిన్ని.

"మీకు తెలుసా?"

"తెలీకపోవడమేమిటి. నేనూ, ఆ అంత్యక్రియల ఆవిడా ఇద్దరం చూశాం. వీడు పురోహితుణ్ణి పలకరించడానికి వరండాలోకి వెళ్ళాడు. మేమిద్దరం దుప్పటి ఎత్తి, విప్పి, మళ్ళీ కట్టాం. కుడిది పైకి. అంతే. ఎంతసేపు పట్టింది గనక."

"ఆయనకి ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ?"

"ఏమని చెప్పను? ముడత లేదు, వంకర లేదు, మెడ వెనక గుప్పెడంత ఖాళీ వదిలి, కొలత పెట్టినట్టు కట్టాడు. అక్కకి జన్మలో ఎవరూ అంత బాగా కట్టలేదు. ఆవిడే కదా అందరికీ కట్టేది. విప్పడానికి నాకే చేతులు రాలేదు. ఆ ముఖం పెట్టుకుని నిలబడ్డవాడితో, తప్పు కట్టావురా అని ఎలా అంటాను? వాడికి తెలియనే లేదనుకున్నాను."

చిహారుకి ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. ఫోన్ పెట్టేసి గదిలో ఊరికే రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. దండెం మీది బట్టకేసి చూసి, చూశారా అత్తయ్యా అన్నట్టు నవ్వింది. మెట్ల మీద అతని అడుగులు వినపడగానే తలుపు పక్కకి తోసి, అతను గదిలోకి రాకముందే చెప్పడం మొదలుపెట్టింది. మెడలో తువ్వాలుతో, తడిజుట్టుతో సోయిచి గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"విప్పారా?" అన్నాడు.

"విప్పి సరిగ్గా కట్టారు. పెట్టె మూయకముందే. అత్తయ్య సరిగ్గానే వెళ్ళారు. నువ్వు భయపడాల్సిందేమీ లేదు. ఏడాదిగా ఉత్తపుణ్యానికి బాధపడ్డావు."

అతను తల ఊపాడు. లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. తువ్వాలు మెడలోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె అతని ముఖంలో వెలుగు కోసం ఎదురుచూసింది.

"ఆ రోజే," అన్నాడు.

"అవును, ఆ రోజే."

"అయితే వెళ్ళిపోయిందన్నమాట."

అది అతను నెమ్మదిగా, ఏదో అంకె సరిచూసుకున్నట్టు అన్నాడు. చిహారుకి తను ఇచ్చిందనుకున్నది ఏమిటో, తీసుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఏడాదిపాటు రోజూ గుమ్మం దగ్గర దీపం వేసి, ఎవరో వస్తారని మెట్లకేసి చూసిన మనిషితో, ఆ దారిలో ఎవరూ లేరని నవ్వుతూ చెప్పింది తను. పక్కన కూర్చుంది. అతని భుజాలు కదిలాయి. చప్పుడు మాత్రం లేదు. ఒళ్ళో ఉన్న తువ్వాలు మీద చుక్కలు పడుతుంటే, అవి తడిజుట్టులోంచి పడుతున్నాయన్నట్టు ఇద్దరూ ఊరుకున్నారు.

కింద యజమానురాలు టీ నీళ్ళు పెట్టిన చప్పుడు వినిపించాక, సోయిచి లేచి దండెం దగ్గరికెళ్ళి బట్ట అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టి చూశాడు.

"ఆరింది," అన్నాడు. "లే. కడతాను."

ఈసారి అంతా అతనే కట్టాడు. వెన్నెముక మీద కుట్టు నిటారుగా వచ్చేలా భుజాల మీద వేశాడు. మెడ వెనక గుప్పెడంత ఖాళీ వదిలాడు. ముందుకొచ్చి, కుడి అంచుని ఆమె నడుము దాకా తెచ్చి ఆనించి, అరచేత్తో నిమిరాడు. ఎడమ అంచు చేతిలోకి తీసుకున్నాక ఒక్క క్షణం ఆగాడు. అతని చేతులు ఇంకో ఒంటి మీద ఈ పని చేస్తున్నాయని చిహారుకి అనిపించింది. కదలకుండా, ఊపిరి కూడా పెద్దగా పీల్చకుండా నిలబడింది. ఎడమ అంచు పైకి వచ్చింది. తాడు బిగిసింది. నిన్నటి ముడత ఎక్కడా లేదు.

ఉమె వంతెన మొత్తం చెక్కదే. రాత్రి వానకి తడిసి, ఇప్పుడు పల్చటి ఎండకి ఆవిరి వదులుతోంది. కింద అసానో నది నిండుగా పారుతోంది. వంతెన మీద ఎవరూ లేరు. అవతల గట్టున ఒకామె కుక్కని తిప్పుతోంది. ఆమెని పిలుద్దామా అని చిహారు అటు చూసింది.

"ఎవరూ వద్దు," అన్నాడు సోయిచి. "నీ ఫోన్ తియ్."

"ఆ కెమెరా తిప్పి చూపిస్తుంది."

"తెలుసు."

జేబులోంచి తెల్లదారపు చుట్ట తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. ఆమె పక్కకొచ్చి భుజం ఆనించాడు. చిహారు చెయ్యి చాచి ఫోన్ పట్టుకుంది. తెరలో నది, చెక్క రెయిలింగు, రెండు ముఖాలు, కింద బూడిదరంగు బట్ట. నొక్కింది.

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూసుకున్నారు. సోయిచి సూటిగా ఇటే చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు దువ్వలేదు, కానీ ముఖం మొత్తం ఇటే ఉంది. ఏ వీధిలో చూపించినా ఎవరో తెలిసే ముఖం. చిహారు మాత్రం ఇటు చూడటం లేదు. తల వంచి, కుడి అంచు పైకి వచ్చిన చోటికి చూస్తోంది. ఖాళీగా ఉన్న చెయ్యి అక్కడిదాకా వెళ్ళి, తాకకుండా ఆగి ఉంది.

"చూశావా," అన్నాడు సోయిచి, రెండు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలోకి చూసి నవ్వుతూ. "ఇప్పుడు మీ వీధి వాళ్ళు నిన్నంటారు. ఇంకోటి తీద్దామా?"

"వద్దు. ఇదే వేద్దాం."

వంతెన దిగుతుండగా అతను చాలా మామూలుగా, ఇంటికెళ్ళాక గుమ్మం దగ్గర దీపం ఇక వేయనక్కర్లేదని, కరెంటు గురించి ఆమె చెప్పిందే నిజమని అన్నాడు. చిహారు వెనక్కి తిరిగి చూసింది. తడిచెక్కల మీద వాళ్ళ చెప్పుల గుర్తులు అప్పుడే ఆరిపోతున్నాయి.

"ఈ ఏడు మాత్రం ఉండనీ," అంది. "నేనే వేస్తాను."